నందిగామసీమయు గృహారోగ్యబోధయు

వేసవిలో మున్నేఱు సన్నగిల్లి యిసుకతిన్నెలు బయటపడినప్పుడు ఒడ్డుపల్లెల స్త్రీలు ఇసుకలో చెలమలు తీసి, ఊఱిన నీటిని కొబ్బరిచిప్పతో మెల్లగా ముంచి, కుండలు నింపుకొని పోవుట మొన్నమొన్నటివఱకు అందఱును చూచినదే. పైని పారెడు నీటికంటె ఇసుకలో ఊఱిన నీరు తేటయని వారికి బడిలో నెవరును చెప్పలేదు. తల్లి చెప్పినది కూతురు విన్నది, అంతే. ఆరోగ్యబోధ యనగా పట్టణమునుండి యెవరో వచ్చి పల్లెవారికి క్రొత్తగా ప్రసాదించునది యని తలచువారు ముందుగా ఆ చెలమయొద్ద కొంతసేపు నిలువవలెను.

అట్లని పూర్వులకు తెలియనిది లేదని మురిసిపోవుట మా యుద్దేశము గాదు. అదే మున్నేటిలో పైరేవున పశువులను కడిగి క్రిందిరేవున కుండ ముంచినవారును ఆ పల్లెలవారే. తేటనీరు వేఱు, శుద్ధమైన నీరు వేఱనెడి మాట కంటికి కనబడునది గాదు. దానిని ఒకరు కనిపెట్టవలెను, మఱియొకరు తెలుగున చెప్పవలెను, వేఱొకరు ఇంటింటికి చేర్పవలెను. ఆ మూడవపని యీ సీమలో నెట్లు జరిగెనో, ఎచట నాగిపోయెనో కొంత వివరింపదలచితిమి.

జగ్గయ్యపేట యనగానే చరిత్రకారులు ధనబోడు మీది బౌద్ధస్తూపమును, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని శాసనమును తలతురు. బేతవోలను పాతయూరిని పెంచి తన తండ్రి జగ్గయ్యపేరు పెట్టిన వాసిరెడ్డి వేంకటాద్రినాయని తలతురు. ఇవి తలపవలసినవే. కాని ఆ స్తూపము కట్టిన శిల్పుల భార్యలు పురుళ్లెట్లు పోసికొనిరో, నాయనివారి కోటలో నీళ్లు మోసినవారి పిల్లలలో నెందఱు బ్రదికిరో శాసనములయందు లేదు. ఇంటిచరిత్ర వ్రాయదలచినవానికి రాళ్లు తోడుపడవు.

జగ్గయ్యపేట, నందిగామ రెండును హైదరాబాదునుండి బెజవాడమీదుగా బందరునకు పోవు పెద్దబాటపై నున్నవి. ఒకప్పుడు కృష్ణామండలపు పడమటి మెట్టసీమ యిది. 2022 ఏప్రిలునుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరియున్నది. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై డెల్టాపల్లెలకు కాలువలు పాఱినప్పుడు ఈ మెట్టకు చుక్కనీరు రాలేదు. నాగార్జునసాగరపు ఎడమకాలువ వచ్చువఱకు ఇచటివారికి చెఱువు, బావి, వాగు, మున్నేటి చెలమ, ఇవియే దిక్కు. పడమట నైజామురాజ్యము, నడుమ బాట. ఆ బాటవెంట ప్రత్తిబండ్లును, యాత్రికులును, సిపాయిలును నడచినట్లే జాడ్యములును నడచినవి.

పెనుగంచిప్రోలు ఈ రెండూళ్లకు నడుమ మున్నేటి యొడ్డున నున్నది. తిరుపతమ్మతల్లి తిరునాళ్లకు వేలకొలది జనము చేరు స్థలము. ఆమె కథలోనే మాకు మిక్కిలి తోచు విషయ మొకటి కలదు. తిరుపతమ్మకు కుష్ఠురోగము సోకగా అత్తింటివారు ఆమెను పశువులకొట్టమున నుంచిరనియు, పరులొకతె కనికరించి సేవ చేసెననియు కథకులు పాడుదురు. రోగముకంటె రోగిని ఇంటివారు చూచు తీరే యెక్కువ బాధయని జానపదులకు తెలియును. ఆ తల్లిని దేవతగా కొలుచుచున్న మనము మన యిండ్లలోని వ్యాధిగ్రస్తుల నెచట పండుకొనబెట్టుచున్నామో యోచింపము.

తిరునాళ్లు ముగిసి జనము చెదరిన కొలదిదినములకు పల్లెపల్లెకు వాంతిభేది వ్యాపించుట పూర్వము దేశమంతట నున్నదే. గ్రామస్థులు దానిని అమ్మవారి యాగ్రహమని యెంచి, జాతర చేసి, పొలిమేర దాటించి పంపుచుండిరి. పొలిమేర కట్టుటలో ఒక గుణ మున్నది, రాకపోకలు తగ్గును. మశూచి వచ్చిన యింటికి వేపమండలు కట్టి పరులను రానీయకుండుటలోను ఆ గుణమే కలదు. కాని విశూచి గాలిలో రాదు, నీటిలో వచ్చును. 1854లో లండనునగరమున జాన్ స్నో యనెడి వైద్యుడు ఒక వీథిపంపు చుట్టునే మరణములు గుమిగూడియుండుట చూపెను. 1884లో రాబర్ట్ కాఖ్ పండితుడు కలకత్తాలో జనులు త్రాగుటకును, ఉతుకుటకును, స్నానమునకును ఒక్కటిగా వాడుకొను చెఱువునీటిలోనే ఆ రోగపు సూక్ష్మజీవిని పట్టెను. లండనునుండి కలకత్తాకు ఆ జ్ఞానము ముప్పదియేండ్లకు వచ్చినది. కలకత్తానుండి మున్నేటి పైరేవునకు రావలెనన్న నెన్నియేండ్లు పట్టును? ఆ దూరమును తగ్గింపబూనినవారిలో నొక కుటుంబము ఈ పెనుగంచిప్రోలిదే యగుట ఈ సీమవారికి గర్వింపదగిన విషయము.

కొమఱ్ఱాజువారి యింట 1874లో అచ్చమాంబగారు పుట్టిరి. 1877లో ఆమె తమ్ముడు లక్ష్మణరావుగారు పుట్టిరి. తండ్రి వారి చిన్నతనముననే పోయెను. అచ్చమాంబగారికి బాల్యముననే భండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు పని చేయువారు. ఆమెను బడికి పంపినవారు లేరు. తమ్ముడు ఆ యింటనే యుండి చదువుకొనుచుండగా తానును అతని ప్రక్క కూర్చుండి చదువు నేర్చెను. తెలుగు, హిందీ, మరాటీ వచ్చినవి. పిమ్మట 1901లో వెలువడిన ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’ను వ్రాసినది ఆమెయే. ఆ గ్రంథమును సాహిత్యము నెఱిగినవా రందఱును ఎఱుగుదురు. ఆమెకు కలిగిన కుమారుడును కుమార్తెయు పసితనముననే పోయిరను మాటను మాత్రము చరిత్రలు ఒక వాక్యమున ముగించును. మేము ఆ వాక్యమున కొంచెము నిలువదలచితిమి.

ఆ కాలమున పసిబిడ్డ చచ్చుట వార్త గాదు. ఇరుగుపొరుగు వచ్చి, వ్రాతయనియు కర్మయనియు చెప్పి, మరల బిడ్డ కలుగునని యోదార్చి పోవుదురు. బిడ్డ యెందుకు పోయెనని అడుగుట ధర్మము గాదు. అడిగిన తల్లినే తప్పు పట్టుదురు. చదువుకొన్న తల్లికి ఈ దుఃఖము రెట్టింపు. అచ్చమాంబగారు తన దుఃఖమును గదిలో పెట్టి తలుపు వేసికొనలేదు. దిక్కులేని పిల్లలను చేరదీసిరి. 1902లో బందరున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కూడి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. పిమ్మట ఆంధ్రదేశమున ఊరూర తిరిగి స్త్రీసమాజములకు ప్రోత్సాహ మిచ్చిరి.

ఆ సమాజములు వైద్యశాలలు గావు. అచట జరిగినది ముఖ్యముగా చదువును, ఉపన్యాసమును. అయినను గృహారోగ్యబోధకు ఈ సీమబిడ్డ వేసిన పునాది యదియే యని మా యభిప్రాయము. ఏలయన, వంటయింటిలో నొంటిగా నున్న స్త్రీకి తన బిడ్డ జ్వరము తన కర్మగానే తోచును. పదిమంది స్త్రీలు ఒకచోట కూడి, నా బిడ్డయు నిట్లే పోయెను, నా కోడలికిని పురిటిలో నిట్లే వణుకు వచ్చెను అని చెప్పుకొన్నప్పుడు అది కర్మ గాక కారణము గలిగిన విషయమని తోచుట కారంభించును. శాస్త్రజ్ఞుడు పట్టికలు వేసి చూచునది స్త్రీలు సభలో మాటలతో చూతురు. స్త్రీలు కూడుటకు చోటు లేని యూరిలో ఎంతటి వైద్యుడు వచ్చి ఉపన్యసించినను ఆ మాట గోడకు తగిలి తిరిగి వచ్చును.

1896లో బొంబాయియందు పొడమిన మహామారి దేశమున ప్రబలినప్పుడు ప్రభుత్వము 1897లో అంటువ్యాధుల చట్టమును చేసెను. సైనికులు ఇండ్లు చొచ్చి వెదకిరి, స్త్రీలను వీథిలో పరీక్షించిరి, సామానులను కాల్చిరి. పూనాలో ఆ యధికారి ర్యాండును 1897 జూనులో కాల్చి చంపిరి. రోగమును మాన్పవచ్చినవాడు రోగముకంటె భయంకరుడయ్యెను. అదే పూనాలో అదే సంవత్సరము మార్చిలో సావిత్రీబాయి ఫులేగారు రోగులకు పరిచర్య చేయుచు ఆ వ్యాధితోనే పరమపదించిరి. మన అచ్చమాంబగారును 1905 జనవరిలో ముప్పదియొక్క యేండ్లైనను నిండని ప్రాయమున, ప్లేగురోగులకు సేవచేసి ఆ రోగము తగిలి గతించిరని చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఒకే వ్యాధి, ఒకవైపు తుపాకి, ఒకవైపు తడిగుడ్డ. జనులు దేనిని నమ్మిరో చెప్పనక్కఱలేదు.

అక్కగారు పోయిన మరుసటి సంవత్సరము, అనగా 1906లో, లక్ష్మణరావుగారు హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. ఆయన అప్పటికి మునగాల జమీందారగు నాయని వేంకటరంగారావుగారి దివానుగా నుండిరి. మునగాల పరగణా నైజామురాజ్యము నడుమ దీవివలె నుండియు నందిగామ తాలూకాకు చేరినదే గదా. మండలికి తోడుపడినవారిలో అయ్యదేవర కాళేశ్వరరావుగారు నందిగామవారే. పిమ్మట ఆయన 1956లో ఆంధ్రప్రదేశ శాసనసభకు ప్రథమ సభాపతి యయిరి. దేశచరిత్రలును, జీవితచరిత్రలును, నవలలును ఈ మండలి ప్రకటించినట్లు అందఱు నెఱుగుదురు. ఆచంట లక్ష్మీపతిగారు ‘అంటువ్యాధులు’ అను పుస్తకము వ్రాసిరని ఎఱిగినవారు తక్కువ. ఆయన పాశ్చాత్యవైద్యమున పట్టము పొంది, పిదప ఆయుర్వేదమును గురుముఖమున నభ్యసించినవారు. సూక్ష్మజీవులు, టీకా, రోగము వ్యాపించు మార్గములు, ఇవన్నియు తెలుగుమాటలతో చెప్పవచ్చునని చూపుటయే నాడొక సాహసము. ఇంగ్లీషు రానివానికి శాస్త్రము రాదనెడి నమ్మకము దొరలకంటె మన పట్టభద్రులయందే గట్టిగా నుండెడిది.

అయితే పుస్తకము చదువువారెవరు? 1901 జనాభాలెక్కలలో హిందూదేశమున చదువను వ్రాయను వచ్చిన స్త్రీలు నూటికొకరైనను లేరు. కావున మండలిపుస్తకము స్త్రీలకు చేరవలెనన్న ఎవరో యొకరు పెద్దగా చదువవలెను, పదిమంది వినవలెను. అక్కగారి సమాజమును తమ్మునిగారి పుస్తకమును ఒకదాని కొకటి కావలసియుండెను. ఆమె మఱి యిరువదియేండ్లు బ్రదికియున్నచో ఈ రెండు పనులును ఒక్కచోట కలిసియుండెడివేమో యని మాకు తఱచు తోచును. 1923లో లక్ష్మణరావుగారును గతించిరి.

ఆ తరమువారి బోధలో నొక లోపమును కప్పిపుచ్చుట న్యాయము గాదు. నాటి యారోగ్యగ్రంథములలో తఱచు కనబడు సలహాలు: రోగికి వేఱుగది యీయవలెను, పాత్రలు వేఱుగా నుంచవలెను, మంచిబావినీరే కాచి త్రాగవలెను. ఒంటినిట్టాడి గుడిసెలో వేఱుగది యెక్కడిది? నీరు కాచుటకు కట్టెలెవరిత్తురు? అన్నిటికంటె ముఖ్యము, మంచిబావిలో చేద వేయుటకే హక్కులేని పేటల మాట యేమి? ఊరిబావిగట్టున కుండ పెట్టుకొని పైజాతివా రెవరైన దయతలచి నీరు పోయుదురా యని గంటలకొలది నిలిచిన తల్లికి ‘మంచిబావినీరు త్రాగుము’ అని చెప్పుట బోధయా, పరిహాసమా? 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను జరిగిన మహాసభ ఆదిఆంధ్రులను పేరును ప్రకటించెను. 1924లో మద్రాసు శాసనసభలో రెట్టమలై శ్రీనివాసన్ గారు బాటలును, బావులును, చెఱువులును అందఱికి సమానమనెడి తీర్మానమును తెచ్చిరి. వీనిని రాజకీయచరిత్రగా మాత్రమే చదువుట వాడుక. మేము వీనిని ఆరోగ్యచరిత్రలో చేర్చుచున్నాము. విశూచికి బావిమీది హక్కుకంటె మంచి మందు నాడు లేదు.

ఇక దొరతనమువారి ప్రయత్నములు. 1920 తరువాత మద్రాసు రాజధానిలో జిల్లాలకు ఆరోగ్యాధికారులు వచ్చిరి. సంతలలోను తిరునాళ్లలోను మాయాదీపపు బొమ్మలు చూపి ఉపన్యాసము లిప్పించిరి. తెఱపై ఏనుగంత యీగను చూచి పిల్లలు కేకలు వేయుటయు, మా యూరి యీగలు అంత పెద్దవి గావు గనుక మాకు భయములేదని పెద్దలు తేల్చుటయు ఆ కాలపు వేడుకకథలలో నొకటి. 1924 జనవరిలో దేశమంతట శిశువారము జరిపిరి. శిశుప్రదర్శనములు పెట్టి బొద్దుగానున్న బిడ్డకు బహుమాన మిచ్చిరి. చిక్కిన బిడ్డను చంకనెత్తుకొన్న తల్లి సభ వెనుకనుండియే చూచి సిగ్గుపడి వెడలిపోయెను. బోధ కావలసినది ఆమెకే. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్యచట్టము దేశమున నట్టివానిలో మొదటిది. 1928నుండి వైద్యులగు కేసరిగారు నడిపిన ‘గృహలక్ష్మి’ మాసపత్రిక చదువరులగు స్త్రీల యిండ్లకు ఆరోగ్యవిషయములను చేర్చెను. దానితోపాటు కేసరిగారి లోధ్ర ప్రకటనయు చేరెను. అది తప్పని మేమనము. మందు అమ్ముకొనువాడైనను పత్రిక నడిపెను, అమ్ముకొనని పండితులు నడుపలేదు.

లక్ష్మణరావుగారికి 1906లో కుమార్తె కలిగెను. ఏడాదిక్రిందట పోయిన అక్కగారి పేరే ఆ బిడ్డకు పెట్టిరి. ఆ కొమఱ్ఱాజు అచ్చమాంబగారు మద్రాసున వైద్యవిద్య నభ్యసించి, బెజవాడలో ప్రసూతివైద్యురాలై, స్త్రీల యుద్యమములయందు పాల్గొని, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి, 1964లో దివంగతులైరి. ‘ప్రసూతి - శిశుపోషణ’ యను గ్రంథమును తెలుగున వ్రాసిరి. మేనత్త ఇద్దఱు పసిబిడ్డలను కోల్పోయెను. ఆమె పేరు పెట్టుకొన్న మేనకోడలు పురుళ్లు పోయుటయే వృత్తిగా గొని, బిడ్డలను కాపాడుట యెట్లో పుస్తకము వ్రాసెను. దీనికి మేము వ్యాఖ్య చేయము.

ఆ వైద్యురాలు వృత్తిలో దిగునాటికి మన పల్లెలలో పురుడనగా మంత్రసాని. ఆమెను నిందించుట విద్యావంతులకు పరిపాటి. నడిరాత్రి వానలో పిలిచినను వచ్చునది ఆమెయే. గిద్దెడు బియ్యమునకును పాతకోకకును తృప్తిపడునది ఆమెయే. మైలయని యితరులు తాకని రక్తమును తన చేతులతో కడుగునది ఆమెయే. ఆ చేతులు కడుగుకొని రమ్మని మాత్ర మామె కెవరును చెప్పలేదు. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలోని పట్టభద్రులకే 1847లో సెమ్మెల్‌వైస్ ఆ మాట చెప్పగా వారు కోపగించి అతనిని తఱిమివేసిరి. శవపరీక్ష చేసిన చేతులతోనే పురుడు పోయుచుండిన వారికంటె మన మంత్రసాని యే విషయమున తీసికట్టు? బొడ్డు కోసిన కొడవలికి మట్టి యంటియుండుటవలనను, కోసినచోట పేడయో బూడిదయో యద్దుటవలనను ధనుర్వాతము పుట్టి శిశువులు వారము తిరుగకముందే చచ్చుచుండిరి. దానిని దయ్యపుసోకు అనుచుండిరి. కాచిన కత్తి, కాచిన దారము, సబ్బుతో కడిగిన చేయి, ఏమియు పూయని బొడ్డు, గర్భిణికి సూదిమందు: ఈ కొలదిపాటి విషయములు ఇంటింటికి చేరుటకు శతాబ్దము పట్టెను. 2015లో ప్రపంచారోగ్యసంస్థ హిందూదేశమున బాలింతల ధనుర్వాతమును, పురిటిబిడ్డల ధనుర్వాతమును తొలగినవని ప్రకటించెను. ఆ వార్త పత్రికలలో నొక మూల పడినది. దానికై ఏ యూరిలోనైన పండుగ చేసిరా? క్రికెట్టు గెలిచిన నాడు మాత్రము టపాకాయలు కాల్చుదురు.

బోధయు పనియు కూడినప్పుడు ఫలమెట్లుండునో తెలియగోరువారు నారికురుపు చరిత్రను చదువవలెను. మెట్టసీమలకు ఇది పాతశత్రువు. ఆంధ్రప్రదేశము ఆ రోగము నెలకొన్న రాష్ట్రములలో నొకటి. మెట్లబావిలో కాలుమోపి కుండ ముంచువాని కాలి కురుపునుండి పురుగు తన పిల్లలను నీటిలో విడుచును. కంటికి కానరాని నీటిజీవులు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవాని యొంటిలో ఏడాదికి మూరెడు నారివంటి పురుగు పెరిగి మరల కాలిని చీల్చుకొని వచ్చును. సరిగా కోతలనాటికే రైతు మంచమెక్కును. దీనికి టీకాలేదు, చంపుమందు లేదు. ఉన్నది గుడ్డ. నేతగుడ్డను రెండుమడతలు వేసి నీరు వడియగట్టిన చాలును. ప్రభుత్వము మెట్లబావులను చేదబావులుగా మార్పించెను, చేతిపంపులు వేయించెను. కార్యకర్తలు ఇంటింట గుడ్డ పంచి వడియగట్టు విధము చూపిరి. ఇల్లాండ్రు దినదినమును వడియగట్టిరి. 1996 జూలైలో రాజపుతానా ప్రాంతమున కనబడిన రోగి దేశమున కడపటివాడు. 2000 సంవత్సరమున దేశమునుండి ఆ వ్యాధి తొలగెనని ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయించెను. ఇందులో ఇంజనీరు బావి కట్టినది ఒకసారి. స్త్రీ గుడ్డ కట్టినది వేలసారులు. రెండింటిలో నేది లేకున్నను పురుగు పోయెడిది గాదు.

మఱి విశూచి, అతిసారములు పోయినవా? 1971లో బంగాళదేశపు కాందిశీకులు బనగాఁ శిబిరమున చచ్చుచుండగా దిలీప్ మహలనబీసుగారు సెలైను సీసాలు చాలక ఉప్పు, చక్కెర కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించిరి. నూటికి ముప్పదివఱకు నున్న మరణములు నాలుగింటికి తక్కువగా దిగెను. లీటరు కాచిన నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, రెండును చెంచాకు తలకొట్టుగా. ఇంతకంటె చవుకయైన మందు వైద్యచరిత్రలో లేదు. దానిని త్రాగించినవారు వైద్యులు గారు, తల్లులును చెల్లెండ్రును.

అయినను 2024 జూనులో జగ్గయ్యపేటలోను చుట్టుపట్లను అతిసారము ప్రబలి జనులు ఆసుపత్రి పాలయిరి. చెలమలకాలము పోయినది, గొట్టపునీటికాలము వచ్చినది. చెలమనీరు చెడినచో ముంచుకొనునామెకు తెలియును; గొట్టములో మురుగు కలిసినచో ఇంటిలో నెవరికి తెలియును? ఇల్లాలిని నీరు కాచుమని చెప్పుట మంచిదే. గొట్టమును చూడవలసినవానిని చూడుమని చెప్పుట అంతకంటె మంచిది. గృహారోగ్యబోధ ఇల్లాలి కర్తవ్యములను మాత్రమే లెక్కించి పురపాలకుల కర్తవ్యములను లెక్కింపనిచో అది సగము బోధ.

ఈనాడు ఈ సీమలో సభలకు కొదవలేదు. 1975లో మొదలైన శిశుసేవాపథకముచే అంగన్‌వాడీలును, 2005 తరువాత ఆశాకార్యకర్తలును, ఊరూర పొదుపుసంఘములును ఉన్నవి. అచ్చమాంబగారు ఊరూర తిరిగి కోరిన స్త్రీసమాజము నేడు ప్రతి వాడలో నున్నదన్న తప్పులేదు. అందు గర్భిణుల పోషణ, టీకాలు, రక్తహీనత మొదలగు విషయములు చెప్పుచున్నారు. మిరపకును ప్రత్తికిని కొట్టు పురుగుమందుడబ్బాను వంటయింటి చూరులో పెట్టరాదనియు, ఖాళీసీసాలో నీరు పట్టరాదనియు, పాము కఱచిన వెంటనే మంత్రగానియొద్ద కాలము పోగొట్టక ఆసుపత్రికి కొనిపోవలెననియు చెప్పుచున్నారు. మెట్టపైరుల సీమలో కుటుంబభద్రత యనగా మొదట నివియే.

అట్టి సభ నొకదానిని ఈ సీమలోని యొక పల్లెలో మేము వెనుకవరుసను కూర్చుండి వింటిమి. పేరు చెప్పము. మధ్యాహ్నము రెండుగంటలవేళ, ముప్పదిమంది స్త్రీలు. చెప్పుచున్న చిన్నది చక్కగా చెప్పెను. కాన్పునొప్పులు మొదలై నీరుపోయినచో ఆలస్యము చేయక బండి పిలువుడనెను. పురుగుమందును తాళముగల పెట్టెలో నుంచుడనెను. ముందువరుసలో నున్న నడివయసు స్త్రీ యొకతె లేచి అడిగెను: “అమ్మా, నీవు చెప్పినదంతయు మాకు తెలిసినదే. బండి పిలుమని చెప్పవలసినది మా అత్త, డబ్బు తీయవలసినది మా యింటాయన, మందుడబ్బా తెచ్చి చూరులో పెట్టునది మా పెద్దవాడు. వాండ్లకెవరు చెప్పుదురు?”

తక్కినవారు నవ్విరి. ఆ చిన్నది నవ్వలేదు. చేతిలోని పుస్తకము మూసి కొంతసేపు ఊరకుండెను. మగవారికి చెప్పుటకు తనకు ఉత్తరువు లేదనెను. పిమ్మట తనలో తానేదో లెక్కవేసికొని, వచ్చు శనివారము రాత్రి భోజనములైన తరువాత రచ్చబండయొద్ద మరల చెప్పెదననియు, ఎవరి మగవారిని వారు పిలుచుకొని రావలెననియు చెప్పెను. మేమును ఆ శనివారము పోతిమి. పదునొకండుగురు మగవారు వచ్చిరి, అత్తలు ఏడుగురు. ప్రశ్నవేసిన యామె పెద్దకొడుకు చివరను బండరాతిపై కూర్చుండి, సభ ముగియువఱకు తలయెత్తక విని, లేచునప్పుడు ఆ పెట్టె కెంత వెలయగునని ప్రక్కవాని నడిగెను.